బంగారం గ్రాముల్లో, వైసు కిలోల్లో

మన ఇళ్ళల్లో పంపకాలు జరిగేటప్పుడు చూశారా? అత్తగారి గొలుసుని మిల్లీగ్రాములతో సహా తూయిస్తాం. పట్టుచీర జరీ అసలుదో కాదో గీకి మరీ చూస్తాం. ఇత్తడి గుండిగ ఎవరికి, రాగి బిందె ఎవరికి అన్న దగ్గర తోడికోడళ్ళ మధ్య మూడేళ్ళు మాటల్లేకుండా పోయిన ఇళ్ళు నాకు తెలుసు. మరి ఆ ఇంటాయన నలభై ఏళ్ళు చేత్తో తిప్పిన వైసు, ఆకురాళ్ళు, సుత్తులు? "ఆ తుప్పు సామాను పాతినుం వాడికి పడేయండి." అంతే! వాటికోసం పోట్లాడేవాళ్ళే ఉండరు.

ఆ మాట అనేది ఎక్కువగా మనమే, ఆడవాళ్ళమే. అందుకే ఇవాళ్టి నా గొడవ మీతోనే.

మా మామయ్యగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయిన ఏడాదికి పాత ఇంటిని బిల్డరుకి ఇవ్వాలని అన్నదమ్ములు అనుకున్నారు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఒక చెక్కబల్ల, బల్లకి బిగించిన నాలుగంగుళాల బెంచ్ వైసు. పాత సామాన్లతను దాన్ని ఊడదీసి కాటా మీద పెట్టాడు. పద్నాలుగు కిలోలు. కిలో ముప్ఫై చొప్పున నాలుగు వందల ఇరవై రూపాయలు. (ఆ అంకె నేను కల్పించింది కాదు, లెక్క దానికదే అలా వచ్చింది!) "పోన్లే అక్కా, సాయంత్రం ఓ బిర్యానీ వస్తుంది" అంది మా తోడికోడలు. నేను ఇవ్వనన్నాను. మావారూ మా మరిదీ నావంక వింతగా చూశారు. ఆయన చేతి పనిముట్టుని కొడుకులిద్దరూ వదిలేస్తే కోడలు పట్టుకుంది.

"నీకెందుకే అది?" అన్నారు మావారు. అప్పుడు "కావాలి" అని మాత్రం అన్నాను. పూర్తి జవాబు ఇప్పుడు చెప్తాను, మీరందరూ వింటుండగా.

వైసు అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. రెండు ఇనుప దవడలు. ఒకటి కదలదు, రెండోది మర తిప్పితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మధ్యలో పెట్టిన వస్తువుని అది కదలకుండా పట్టుకుంటుంది. చేసేది అదొక్క పనే. కానీ ఆలోచించండి, మనకి రోజుకి ఎన్నిసార్లు "ఇంకో చెయ్యి ఉంటే బాగుండు" అనిపిస్తుంది? ఆ మూడో చెయ్యే వైసు.

మన కత్తిపీటనే చూడండి. చాకుతో తరిగేటప్పుడు ఒక చెయ్యి కూరగాయకి, ఒక చెయ్యి చాకుకి. కత్తిపీటని కాలికింద తొక్కిపట్టి కూర్చుంటే రెండు చేతులూ గుమ్మడికాయకే. అదెవరు కనిపెట్టారోగానీ మహానుభావురాలే అయ్యుండాలి! వైసు సూత్రం కూడా అదే, కాకపోతే తిరగేసి. కత్తిపీటలో పనిముట్టు కదలదు, వైసులో వస్తువు కదలదు. కత్తిపీట తెలిసిన ఏ ఆడమనిషికీ వైసు కొత్త వస్తువు కాదు.

"దాన్ని బిగించడానికి మగాడి బలం కావాలి" అంటారు. శుద్ధ అబద్ధం. పిడి చివర మన చెయ్యి ఒక పెద్ద చుట్టు తిరిగొస్తే లోపల మర జరిగేది కొద్ది మిల్లీమీటర్లే. చేతి దూరానికీ దవడ దూరానికీ ఉన్న ఆ తేడాయే బలంగా మారుతుంది. మనకి కండబలం అక్కర్లేకుండా చెయ్యడానికే మనిషి దాన్ని తయారుచేసుకున్నాడు. బలహీనుల కోసం పుట్టిన పనిముట్టుని బలవంతుల సొత్తని మనం ఎలా నమ్మేశామో నాకు అర్థం కాదు.

ఈ ఏడాదిన్నరలో మా ఇంట్లో ఆ వైసు ఏం చేసిందో చెప్తాను. కర్టెన్ రాడ్ పొడుగైతే కోయడానికి పట్టుకుంది. మొద్దుబారిన కత్తిపీట బద్దని పీట నుంచి ఊడదీసి, దవడలకి రెండు చెక్కముక్కలు అడ్డంపెట్టి బిగిస్తే, ఆకురాయితో నేనే పదును పెట్టుకున్నాను. వంగిపోయిన గేటు గొళ్ళేన్ని సరిచేసింది. తుప్పుపట్టి బిగుసుకున్న కుళాయి జాయింటుని వదిలించింది. మా అమ్మాయి సైకిలు పెడల్‌ని పట్టుకుంది. వీటిలో ఒక్కో పనికి మనిషిని పిలిస్తే ముందు వాడు రాడు. వస్తే "ఇది బాగవదమ్మా, కొత్తది కొనుక్కోండి" అంటాడు. మనం ఆ మాట వినడానికే డబ్బిస్తున్నాం.

"అయితే కొత్త వైసు కొనుక్కోవచ్చుగా, పాత తుప్పు ఎందుకు?" ఇది రెండో అభ్యంతరం. కొనుక్కోవచ్చు. చేతి పనిముట్లకి జలంధర్ మన దేశంలో పెట్టింది పేరు, మంచి కంపెనీల వైసులు గట్టిగానే ఉంటాయి. నేను వద్దనేది వాటిని కాదు, చూడగానే మెరిసిపోతూ చవగ్గా దొరికే పేరులేని వాటిని. పోత పల్చగా ఉంటుంది, దవడల పలకలు మెత్తగా ఉంటాయి, నాలుగుసార్లు గట్టిగా బిగిస్తే మర అరుగుతుంది.

పాతవన్నీ గొప్పవని కూడా నేను అనను. పాతకాలంలోనూ నాసిరకం ఉండేది. కానీ ఆ నాసిరకం ఎప్పుడో విరిగి, కరిగి, ఇంకేదో అయిపోయింది. యాభై ఏళ్ళు దెబ్బలు తిని కూడా పగులు లేకుండా మన ముందు నిలబడిందంటే, ఆ వైసు పరీక్ష పాసైనట్టే. కొత్తదానికి వారంటీ కాగితం ఇస్తారు. దీనికి దాని వయసే వారంటీ.

ఇంట్లో లేనివాళ్ళు ఎక్కడ వెతకాలి? మా జంటనగరాల్లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజారు ఉన్నాయి. మీ ఊళ్ళో పాతినుం కొట్లు, మూతపడే చిన్న వర్క్‌షాపులు చూడండి. అన్నిటికంటే ముందు మీ పుట్టింటి షెడ్డు, మేనమామగారి గరాజు, అటక చూడండి. పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర ఇంకోరకం కనిపిస్తుంది, నేలదాకా ఒక పొడుగాటి కాలున్న వైసు. సుత్తిదెబ్బ బల్లమీద పడకుండా ఆ కాలి గుండా నేలలోకి దిగిపోతుంది. అది పోత ఇనుము కాదు, కొట్టి సాగదీసిన ఇనుము. అలాంటిది దొరికితే అదృష్టమే.

సేకరించేవాళ్ళు పేర్లు జపిస్తుంటారు. ఇంగ్లండులో షెఫీల్డు నుంచి వచ్చిన నీలిరంగు రెకార్డ్, షిప్లీ ఊరి పార్కిన్సన్, 1941లో షికాగోలో మొదలైన విల్టన్... మంచివే, కాదనను. కానీ పేరుని చూసి డబ్బు పెట్టకండి. మా మామయ్యగారి వైసు మీద పేరే లేదు, పక్కన ఒక అంకె మాత్రం ఉంది. పని ఏమీ ఆగలేదు.

పేరు బదులు ఇవి చూడండి. దవడ వెడల్పుని బట్టి వైసు సైజు చెప్తారు, ఇంటికి నాలుగంగుళాలు చాలు. పిడి తిప్పి పూర్తిగా తెరవండి, మళ్ళీ మూయండి. దారి పొడుగునా ఒకేలా తిరగాలి. దవడలు మూసినప్పుడు సమంగా కలుస్తున్నాయా? పిడిని అటూ ఇటూ తిప్పితే కొంచెం ఖాళీగా ఆడటం మామూలే, అరచుట్టు దాకా ఆడితే మాత్రం లోపల నట్టు అరిగిందని అర్థం. పైతుప్పుని చూసి భయపడకండి, అది చీరమీద దుమ్ము లాంటిది. భయపడాల్సింది పగుళ్ళకి. పోత ఇనుము నొక్కుడుకి ఎంత ఓర్చుకుంటుందో లాగుడుకి అంత ఓర్చుకోలేదు. అందుకే దవడ మెడ దగ్గర, జరిగే భాగం అడుగున, బల్లకి బిగించే చెవుల దగ్గర పగులుతుంది.

పగులు కనిపెట్టడానికి పాత ఫిట్టర్ల చిట్కా ఒకటుంది. అనుమానం ఉన్నచోట శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పట్టించండి. కాసేపాగి పైపైన పొడిగా తుడిచేసి, సుద్దముక్క రుద్దండి. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి తెల్లటి సుద్ద మీద నల్లటి గీత గీస్తుంది. గీత కనిపిస్తే వదిలేసి రండి. "వెల్డింగ్ కొట్టించేద్దాం అమ్మా" అంటాడు అమ్మేవాడు. పోత ఇనుముకి మామూలు వెల్డింగ్ నిలవదు, అతికిన చోటు పక్కనే మళ్ళీ పగులుతుంది. పాత అతుకులున్నదీ, పిడి వంగిపోయినదీ కొంచెం అనుమానంగా చూడండి. పిడికి గొట్టం తొడిగి బలవంతాన బిగించినవాళ్ళ చేతుల్లో పడిందన్నమాట.

ఇక తుప్పు వదిలించడం. ఇక్కడ మాత్రం మనం మగవాళ్ళకంటే పది ఆకులు ఎక్కువే చదివాం. అడుగంటిన గిన్నెలు, చిలుమెక్కిన ఇత్తడి, జిడ్డుపట్టిన చిమ్నీ, వీటితో జీవితాలు గడిపినవాళ్ళకి ఒక వైసు లెక్కా?

ముందు విప్పాలి. మర పూర్తిగా తిప్పుకుంటూ పోతే జరిగే భాగం బయటికొస్తుంది. ఆ క్షణంలో కింద కాళ్ళు పెట్టకండి, బరువు. దవడ పలకల్ని రెండేసి మరమేకులు పట్టి ఉంచుతాయి. అవి బిగుసుకుపోయి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. తొందరపడి తల చెడగొట్టుకుంటే (మేకు తల, మీది కాదు) పని రెట్టింపవుతుంది. జిడ్డుని కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షూ వదిలిస్తాయి. రంగులేని చిన్నభాగాలని తెల్ల వెనిగర్లో ఒక రోజు నానబెట్టి ఇనుప పీచుతో రుద్దితే తుప్పు పేస్టులా ఊడొస్తుంది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వేడి ఉండగానే నూనె పట్టించాలి. "కాసేపాగి రాస్తాలే" అనుకుంటే, తిరిగి చూసేసరికి కొత్త తుప్పు నారింజరంగులో నవ్వుతుంది. ఇనుప పెనం ఉన్నవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రెండు హెచ్చరికలు. ఇవి సరదాకి చెప్పేవి కావు. ఒకటి, బాత్రూం యాసిడ్ పొయ్యకండి. తుప్పుతోపాటు మంచి ఇనుమునీ తింటుంది, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. అది బ్లీచింగుతో కలిసిందంటే వచ్చే గ్యాసు ప్రాణాలకే ముప్పు. రెండు, పాత రంగుని పొడిగా గీకకండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని నిబంధనలు వచ్చిందే 2016లో. అంతకుముందు ఎప్పుడో యంత్రానికి పూసిన రంగులో ఏముందో ఎవరు చెప్తారు? అందుకని తడిపి మాత్రమే గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, కింద పేపర్లు పరిచి ఆ పేపర్లు చుట్టి పారేయాలి. చిన్నపిల్లలూ గర్భిణులూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. వంటింటి సింకులో కడగకూడదు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చూశారా, ఈ పనికి ఇల్లాలి బుర్ర ఎందుకు కావాలో? పాత వైసు దొరికిన ఆనందంలో డైనింగ్ టేబుల్ మీద పెట్టి సాండ్‌పేపర్ రుద్దే మగమహారాజులు ఎంతమంది లేరు!

మళ్ళీ కూర్చేటప్పుడు మరకి గ్రీజు, జరిగేచోట నూనె. రంగు మీ ఇష్టం, కానీ దవడలకీ మరకీ వద్దు. అంతే, అయిపోయింది.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. బల్లకి బిగించేటప్పుడు ఎంత ఎత్తులో బిగించాలి? ఫిట్టర్లకి ఒక లెక్క ఉంది. నిటారుగా నిలబడి మోచెయ్యి మడిస్తే, దవడల పైఅంచు మోచేతికి సమానంగా రావాలి. అప్పుడే ఆకురాయి తిన్నగా నడుస్తుంది, భుజం నొప్పి పుట్టదు. సరే, ఎవరి మోచేతికి?

ఆ ప్రశ్న అడిగితే మా ఇంట్లో అందరూ ఒక్క నిమిషం ఆగిపోయారు. ఎందుకంటే అప్పటిదాకా అది ప్రశ్నే కాదు. మావారి మోచేయి అని అందరికీ తెలిసిపోయింది. "వాడేది నేనైతే నా మోచెయ్యి" అన్నాను. "నేను వంగాల్సొస్తుంది" అన్నారాయన. వంగండి! వంటింటి గట్టు ఎత్తు మేస్త్రీ నన్నడిగి కట్టలేదు, సింకు నన్నడిగి పెట్టలేదు, పై అలమర అందక ఇరవై రెండేళ్ళుగా స్టూలెక్కి దిగుతున్నాను. ఇంట్లో ఒక్క వస్తువు నా ఎత్తుకి ఉంటే ఆకాశం కూలదు. కూలలేదు కూడా. బల్ల కాళ్ళు రెండంగుళాలు కోయించి, కాలికి సరిగ్గా పైన, దవడ బల్ల అంచుకి కాస్త బయటికొచ్చేలా బోల్టులతో బిగించాం.

దీన్ని నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, మన ఆడపిల్లల గురించి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఫిజిక్స్ ల్యాబులో స్క్రూగేజి ఉంటుంది. అందులో బ్యాక్‌లాష్ అని ఒక దోషం, దానికి నిర్వచనం, దానికి మార్కులు. మా అమ్మాయి అది బట్టీపట్టింది, మార్కులూ తెచ్చుకుంది. ఆ బ్యాక్‌లాష్ అంటే వైసు పిడి వెనక్కి తిప్పినప్పుడు దవడ కదలకుండా చేతికి తగిలే ఆ ఖాళీయేనని మొన్న షెడ్డులో తెలిసింది దానికి. "అమ్మా, ఇదేనా అది!" అంది. లక్షలు పోసి కోచింగులకి పంపిస్తున్నాం, పిల్ల ఇంజినీరు కావాలని మొక్కుకుంటున్నాం, కానీ ఆ పిల్ల ఒక్కసారైనా ఇనుము కోసిందా, ఒక అంచు తిన్నగా రాకిందా అంటే "ఆడపిల్లకెందుకండీ, చేతులు పాడవుతాయి" అంటాం. ఐటీఐలో ఫిట్టరు కోర్సు రెండేళ్ళు. అక్కడ పిల్లలు మొదలుపెట్టేది వైసూ ఆకురాయితోనే. ఆ చదువంటే మనకి చిన్నచూపు. చేత్తో చేసే పనిని చిన్నచూపు చూసేది మనం, తర్వాత "ఈ కాలం పిల్లలకి బల్బు మార్చడం కూడా రాదు" అని వాపోయేదీ మనమే.

మగవాళ్ళ పక్షాన కూడా ఒక మాట అంటాను, వాళ్ళు సంతోషించకుండా ఉండేందుకు. పాత పనిముట్ల పిచ్చి పట్టినవాళ్ళని చూశాను. ఒకటి కొంటారు, దానికి తోడు ఇంకొకటి, ఇంగ్లండుదొకటి, అమెరికాదొకటి. అద్దంలా మెరిపిస్తారు, షోకేసులో పెడతారు, ఫోటోలు తీస్తారు. ఇంట్లో కుక్కర్ పిడి ఊగుతూనే ఉంటుంది! అది పనిముట్టుని కాపాడటం కాదు, దానికి పెన్షనిచ్చి కూర్చోబెట్టడం. నా షరతు ఒకటే. ఇంటికి ఒక్క వైసు, దానికి వారంవారం పని. రెండోది కొనాలంటే మొదటిది అరిగిపోయిందని చూపించాలి. అది అరగదు కాబట్టి ఆ గొడవ రాదు.

"మాకు షెడ్డెక్కడిది, అపార్ట్‌మెంటులో ఉంటున్నాం" అంటారా? ఏడాదికోసారి కూడా తియ్యని కప్పులకీ బొమ్మలకీ గోడంత షోకేసు ఉంది మన హాల్లో. బాల్కనీలో రెండడుగుల గట్టి బల్లకి చోటు లేదా? రాత్రిపూట సుత్తి చప్పుడు చెయ్యకుండా ఉంటే చాలు, పక్కింటివాళ్ళకి అభ్యంతరం ఉండదు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి మీ ఇంట్లో పంపకాలు వచ్చినప్పుడు గొలుసు ఎవరు తీసుకుంటారో తీసుకోనివ్వండి. మీరు వెనక్కెళ్ళి షెడ్డు తలుపు తీయండి. "ఇది నాకు" అని వైసు మీద చెయ్యి వెయ్యండి. నవ్వితే నవ్వనివ్వండి. గొలుసు బీరువాలో పడుంటుంది, పెళ్ళిళ్ళకి బయటికొస్తుంది. వైసు రేపటి నుంచే పనిచేస్తుంది. దాన్ని మీ మోచేతి ఎత్తుకే బిగించుకోండి, ఆ తర్వాత మీ అమ్మాయి ఎత్తుకి మార్చండి.